అర మిల్లీమీటరు అబద్ధం

టైలరు ఆ పొద్దున లేత్ షాపుకి శవాన్ని మోసుకొచ్చినట్టే వచ్చాడు. కోటు లోపల వేసే నల్ల శాటిన్ గుడ్డలో చుట్టి, రెండు చేతులతో పట్టుకుని, బల్ల మీద మెల్లిగా దించాడు. బయట వాన. అతను నిలువునా తడిశాడు, గుడ్డ మాత్రం తడవలేదు.

విప్పితే లోపల పిస్టన్. తలభాగం ఒక పక్క కరిగిపోయి, కొరికి వదిలేసిన బిస్కెట్టులా ఉంది.

బల్ల వెనకున్న అమ్మాయి దాన్ని చూసింది. అతన్ని చూసింది. మళ్ళీ దాన్నే చూసింది, చాలాసేపు. ఆ చూపుల పంపకం టైలరుకి అంతగా నచ్చలేదు.

"ఎవరు చంపారు దీన్ని?"

"ఎవరూ చంపలేదండీ. దానంతటదే పోయింది."

"పిస్టన్లు వాటంతటవి పోవు. టర్బో బండేనా?"

"అవునండీ. చిన్న కారు. సెకండ్‌హ్యాండ్."

"బూస్ట్ పెంచారా?"

"కొంచెం."

"ఎంత కొంచెం?"

"ఫోన్లో వీడియో పెట్టినాయన ఎంత పెంచితే అంత."

"అయితే పిస్టన్లు కూడా ఆయన్నే కొనిపెట్టమనండి."

టర్బో అంటే ఇంజన్ నోట్లో బలవంతంగా గాలి కుక్కే చక్రం, బూస్ట్ అంటే ఆ గాలి ఒత్తిడి. గాలి పెరిగినప్పుడు పెట్రోలూ పెరగాలి. పెరగకపోతే లోపల మంట ముదిరి, ముందు బలయ్యేది పిస్టనే. ఈ సంగతి ఆ అమ్మాయి అతనికి రెండు ముక్కల్లో చెప్పింది. వీధిలోని మెకానిక్కులు ఆమెని 'మైక్రాన్' అని పిలుస్తారు. మిల్లీమీటరుని వెయ్యి ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. అంతకంటే పెద్ద తప్పు ఆమె ఇంతవరకు చేయలేదని వాళ్ళ నమ్మకం.

ప్రేమకథ మొదలుపెట్టగానే కొందరికి గుండెల్లో దడ పుడుతుంది, చివరికి వీళ్ళు విడిపోతారేమోనని. భయపడటంలో తప్పేమీ లేదు. విడిపోయే తేదీ ఈ కథలో మొదటి రోజే గోడ మీదుంది. కేలండర్లో ముప్పై చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో సున్నా.

ఆ సున్నా సంగతి మైక్రాన్ వాళ్ళ నాన్న, మేస్త్రీ చెప్పాడు.

"సిలిండర్లు కోసే మిషను అమ్మేశాం బాబూ. ముప్పయ్యో తారీఖున వచ్చి విప్పుకెళ్తారు. నా చేతులు వణుకుతున్నాయి. మైక్రోమీటరు పట్టుకుంటే అది నా వణుకునే కొలుస్తోంది. అమ్మాయికి ఇంజన్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది, కొలతల ల్యాబులో. ఒకటో తారీఖున చేరాలి. పక్క గ్యారేజీలో విప్పి పెట్టిన మీ సిలిండర్ల బ్లాకే మా షాపులో ఆఖరి పని."

"ఎక్కడండీ ఫ్యాక్టరీ?"

"రెండొందల ముప్పై కిలోమీటర్లు."

టైలరు అంతకుముందు ఎన్నడూ ఒక అంకెని ఇంతగా ద్వేషించలేదు. ఆ అమ్మాయి తెలిసి అప్పటికి పదిహేను నిమిషాలే అయింది కాబట్టి, తనకెందుకు అంత బాధగా ఉందో అతనికే అర్థం కాలేదు. తడిశాను కదా, జలుబు చేస్తోందేమో అనుకున్నాడు.

"పిస్టన్లు తెండి," అంది మైక్రాన్. "అర మిల్లీమీటరు పెద్ద సైజువి. వాటిని కొలిచి, వాటికి తగ్గట్టు సిలిండర్లు పెద్దవి చేసిస్తాను."

"ముందే చేసి పెట్టేయకూడదా?"

"మీ షాపులో మనిషిని చూడకుండా కోటు కుడతారా?"

"మా అక్క కుట్టేస్తుందండీ. తర్వాత మనిషిని సన్నబడమంటుంది."

ఆమె నవ్వలేదు. నవ్వు రాకుండా పెదవి కొరుక్కుంది. టైలర్లకి అర అంగుళం తేడా కూడా కనిపిస్తుంది.

"మరి ఏ పిస్టన్లు తెమ్మంటారు? ఫోర్జ్‌డ్ మంచివంటారు కదా?"

"మంచివే. దెబ్బలు తిని గట్టిపడిన అల్యూమినియం. మామూలు వాటికి మూడింతల ఖరీదు. వేడికి బాగా పెరుగుతాయి, అందుకని సందు ఎక్కువ ఇవ్వాలి. పొద్దున్నే స్టార్ట్ చేస్తే వేడెక్కేదాకా టకటకమంటాయి. బండిలో ఏం తీసుకెళ్తారు మీరు?"

"స్కూలు యూనిఫాంలు."

"ఏ రేసుకి వెళ్తున్నాయండీ యూనిఫాంలు?"

టైలరు తన దగ్గర ఎంత డబ్బుందో చెప్పాడు.

"మీ దగ్గరున్న డబ్బుకి రెండే దారులు," అందామె. "ఫోర్జ్‌డ్ కొని మిగతావన్నీ పాతవే బిగించుకోవడం ఒకటి. కంపెనీ రకం మామూలువి కొని, మిగిలినదాంతో పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు శుభ్రం చేయించి, కొత్త గాస్కెట్టు, కొత్త ఆయిల్ పంపు వేసి, బూస్ట్ మొదట్లో ఉన్నంతకి దించేయడం రెండోది. ఇంజెక్టర్లు టెస్ట్ చేయించండి. నాలుగోది మూసుకుపోయి ఉంటుంది, కావాలంటే పందెం. పోయిన కారణాన్ని అలాగే ఉంచి బంగారు పిస్టన్ వేసినా పోతుంది."

ఆ సాయంత్రమే టెస్ట్ చేయిస్తే, నాలుగో ఇంజెక్టరు నిజంగానే సగం మూసుకుపోయి ఉంది. రెండో దారే సరైనదని టైలరుకి అక్కడే, ఆ క్షణమే అర్థమైంది. అర్థమైందని చెప్పడానికి మాత్రం పదకొండు రోజులు పట్టింది.

ఎందుకంటే అతనో లెక్క వేశాడు. పిస్టన్లు రాకపోతే సిలిండరు కోయరు. సిలిండరు కోయకపోతే పని పూర్తి కాదు. పని సగంలో వదిలేసి వెళ్ళే రకం కాదు ఈ పిల్ల. లోకంలో ఒక మనిషిని ఆపడానికి ఎన్నో మార్గాలున్నాయి. ఆగమని అడగడం వాటిలో ఒకటి. ఇతను పిస్టన్లు కొనకపోవడాన్ని ఎంచుకున్నాడు.

మర్నాడు పేరూ ఊరూ లేని కంపెనీవి ఫోర్జ్‌డ్ పిస్టన్లు సగం ధరకే ఇంటర్నెట్లో దొరుకుతున్నాయని వచ్చాడు. నాలుగూ నాలుగు బరువులుంటాయి, ఇంజన్ వణికి చస్తుంది అని చెప్పి పంపింది. ఆ మర్నాడు పూత పూసినవాటి గురించి. తర్వాత బరువుల గురించి. తర్వాత మళ్ళీ ఫోర్జ్‌డ్ గురించి, మొదటిసారి విన్నట్టు మొహం పెట్టి. పదకొండో రోజున పిస్టన్లలో వేరే రంగులేమైనా వస్తాయా అని అడిగాడు.

"రంగా?"

"అంటే... ఊరికే తెలుసుకుందామని."

"సిలిండరు లోపల చీకటిగా ఉంటుందండీ. ఎవరూ చూడరు."

"లైనింగు కూడా ఎవరూ చూడరు. అయినా మేం మంచి రంగే వేస్తాం."

పక్క గ్యారేజీ వాళ్ళు చెవులు కొరుక్కున్నారు. రెండో ప్రశ్నకే మనిషిని బయటికి పంపే మైక్రాన్, ఇతనికి కుర్చీ వేస్తోంది. ఆ కుర్చీని ముందు గుడ్డతో తుడుస్తోంది కూడా.

ఇంట్లో టైలరు అక్క ఓపిక అయిపోయింది. దుకాణం ఇద్దరిదీ. కారు లేక, యూనిఫాంల మూటలు అద్దె బండిలో పంపుతోంది.

"ఒరేయ్, నాలుగు పిస్టన్లకి పదకొండు రోజులా? నేను పెళ్ళికొడుకుని చూసి ఒప్పుకోడానికి పావుగంట పట్టలేదు!"

"అందుకే బావ అలా ఉన్నాడు."

"ఈ రోజు ఆర్డరు పెట్టకపోతే నిన్నే మూటగట్టి పంపిస్తా."

పెట్టాడు. కంపెనీ రకం, అర మిల్లీమీటరు పెద్ద సైజు, ఒక సెట్టు. పదహారున పార్సెలు వచ్చింది. డబ్బా మీద ఎనభై ఒకటిన్నర మిల్లీమీటర్లు అని అచ్చు వేసి ఉంది. బుద్ధిమంతుడిలా దాని పక్కన పెన్నుతో టిక్కు పెట్టుకున్నాడు. ఈ పదకొండు రోజుల్లో కొన్న కొత్త వెర్నియరు పెట్టి పిస్టన్ తల కొలిచాడు.

ఎనభై ఒకటి కూడా లేదు!

నాలుగూ కొలిచాడు. నాలుగూ అంతే. పెద్ద సైజు డబ్బాలో పాత సైజువి పెట్టి పంపారన్నమాట. ఇలాంటి మోసం ఎవరికి జరిగినా కోపం రావాలి. టైలరు ఈల వేసుకుంటూ డబ్బా చంకలో పెట్టుకుని లేత్ షాపుకి పరుగెత్తాడు.

పిస్టన్ చూడటానికి డబ్బాలా ఉంటుంది గాని డబ్బా కాదు. మంట తగిలే తల వేడికి ఎక్కువ పెరుగుతుంది కనుక దాన్ని ముందే సన్నగా చేస్తారు. అసలు కొలత కింద, అంచుకి కాస్త పైన తీయాలి. ఈ సంగతి ఆ వీధిలో కుక్కలకి కూడా తెలుసు. మైక్రాన్‌కి ఏడో ఏటి నుంచీ తెలుసు.

"చూడండి, మోసం!" అన్నాడు టైలరు. "అర మిల్లీమీటరు తక్కువున్నాయి. ఇదిగో, ఇక్కడ కొలిచాను."

తను కొలిచిన చోటు వేలితో చూపించాడు. ఆమె ఆ వేలిని చూసింది. పెదవుల మీదకి 'అయ్యో, అక్కడ కాదండీ' అనే మాట వచ్చింది. మైక్రోమీటరు తీసింది. చెయ్యి అలవాటుగా పిస్టన్ కిందికే వెళ్ళింది. రేకుల కప్పు మీద వాన పెద్దదైంది. ఆమె కళ్ళు గోడ మీది ఎర్ర సున్నా దాకా వెళ్ళి వచ్చాయి.

చెయ్యి పైకి జరిగింది.

"ఎనభై పాయింట్ తొమ్మిది ఏడు," అంది.

అంకె నిజం. చోటే అబద్ధం.

"తక్కువే కదండీ?"

"తక్కువే."

"వాపసు పంపేయనా మరి?"

"పంపేయండి."

"మళ్ళీ రావడానికి పది రోజులు పడుతుందట."

"పడుతుంది మరి."

ఇద్దరూ విచారంగా కనిపించడానికి చాలా కష్టపడ్డారు.

ఆ పది రోజులూ టైలరు రోజూ వచ్చి, "వచ్చాయా?" అని అడిగాడు. "ఇంకా రాలేదండీ" అని ఆమె రోజూ చెప్పింది. పార్సెలు రావాల్సింది టైలరు దుకాణానికని ఇద్దరిలో ఒక్కరికీ గుర్తు రాలేదు. ఒకరోజు ఆమె పని కోటు జేబు చిరిగిందని చూసి, తీసుకెళ్ళి, మైక్రోమీటరు పట్టేలా లోపల మెత్త వేసి కుట్టి తెచ్చాడు. ఆమె జేబులో చెయ్యి పెట్టి చూసి, "సరిగ్గా ఉంది" అంది. ఆమె నోట ఆ మాట వినడానికి ఆ వీధిలో మెకానిక్కులు ఏళ్ళ తరబడి పడి ఉన్నారు.

కానీ పది రోజులు పది రోజులే. ఎంత పదిలంగా ఖర్చు పెట్టినా పదకొండు కావు.

ఇరవయ్యారున పార్సెలు వచ్చింది. అక్క విప్పింది. అదే డబ్బా. అదే పెన్ను టిక్కు. దాని కింద లావు అక్షరాలతో పిస్టన్ల డీలరు రాసిన చీటీ అంటించి ఉంది. అక్క పైకి చదివింది.

"బాబూ, పిస్టన్‌ని తల దగ్గర కొలవరు. కింద కొలుస్తారు. ఇవి సరైనవే, మళ్ళీ పంపుతున్నాను. దగ్గర్లో ఎవరైనా తెలిసినవాళ్ళుంటే అడుగు."

అక్క తమ్ముణ్ణి కిందనుంచి పైదాకా చూసింది.

"ఛాతీ కొలత మెడ దగ్గర తీస్తావురా నువ్వు?"

"నాకు తెలీదక్కా. కానీ ఆవిడా అక్కడే కొలిచింది! తక్కువుందంది!"

"ఎవరు? ఆ మైక్రానా?"

"అవును."

"ఆ పిల్ల పొరపాటు పడుతుందా?"

"చచ్చినా పడదు."

"మరైతే?"

టైలరు ఆలోచించాడు. మొహం మెల్లిగా పాలిపోయింది.

"నేనంటే ఒళ్ళు మంటేమో అక్కా. అన్ని ప్రశ్నలు అడిగాను కదా. బుద్ధి చెప్పడానికి వెనక్కి పంపించిందేమో."

అక్క కుట్టు మిషను ఆపి, కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నాన్న నిన్ను చదివించడం వట్టి దండగ. పో. పోయి ఆ పిల్లనే అడుగు. డబ్బా మర్చిపోకు."

వెళ్ళేసరికి షాపులో మేస్త్రీ ఉన్నాడు. డబ్బా అందుకుని చీటీ చదివాడు. రెండోసారి చదివాడు. ఒక పిస్టన్ తీసి, వణికే చేతిని బల్ల అంచుకి ఆనించి, కింద కొలిచాడు.

"అమ్మాయ్," అని పిలిచాడు. "పిస్టన్‌ని ఎక్కడ కొలవాలో నీకు ఏడో ఏట నేర్పాను."

"అవును నాన్నా."

"మర్చిపోయావా?"

"లేదు నాన్నా."

మేస్త్రీ కూతుర్ని చూశాడు, టైలరుని చూశాడు. ముప్పయ్యేళ్ళుగా ఆ షాపులో ఒక్క తప్పు కొలత బయటికి వెళ్ళలేదు. వెళ్ళిన మొదటిదానికి కారణం ఇదా అన్నట్టు టైలరుని ఇంకోసారి చూశాడు. తర్వాత ఎవరూ అడగకుండానే, "నేను టీ తాగొస్తా," అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. వాన లేదు.

మైక్రాన్ పిస్టన్ తుడిచి డబ్బాలో పెట్టింది.

"ఎందుకండీ?" అన్నాడు టైలరు.

"పది రోజులు కావలసి వచ్చింది."

"దేనికి?"

"నాకూ తెలీదు. పది రోజుల్లో తెలుస్తుందేమో అనుకున్నా." ఆమె మొహం ఎర్రబడింది. "అంత తప్పు కొలత నేనెప్పుడూ చెప్పలేదు. నాలుగు రాత్రులు నిద్ర పట్టలేదు. మీరెందుకు అక్కడ కొలిచారసలు? ఇంకెక్కడ కొలిచినా నాకు అబద్ధం ఆడే అవకాశం ఉండేది కాదు!"

"అంటే తప్పు నాదేనా?"

"ముమ్మాటికీ మీదే."

"అలాగే, నాదే." టైలరు గొంతు సవరించుకున్నాడు. "నేనూ ఒకటి చెప్పాలి. పదకొండు రోజులు అన్ని ప్రశ్నలు అడిగానా... ఏవి కొనాలో మొదటి రోజే అర్థమైపోయింది నాకు."

"తెలుసు. రంగు అడిగినప్పుడే తెలిసింది."

"తెలిసీ జవాబు చెప్పారా?"

"కుర్చీ కూడా వేశాను. మీకదీ కనబడలేదా?"

ఇక్కడ ఇద్దరూ చేతులు పట్టుకోవాలి. పట్టుకోలేదు. అదేం విచిత్రమో, మనుషులు దగ్గరైన నిమిషంలోనే దూరం సంగతి ఎత్తుతారు.

"మిమ్మల్ని వెళ్ళొద్దని అడుగుదామని బయల్దేరాను," అన్నాడు. "దారిలో మానుకున్నాను."

"ఎందుకు మానుకున్నారు?"

"ఆ ల్యాబు మీలాంటివాళ్ళ కోసమే కట్టి ఉంటారు. మీరు వెళ్ళాలి."

"అంటే పొమ్మంటున్నారా?"

"అయ్యో, అలా కాదు..."

"నాలుగు రాత్రులు నిద్ర లేకుండా నేను అబద్ధమాడితే, మీరొచ్చి పొమ్మంటున్నారు!"

"ఉండమంటే ఉంటారా?"

"ఉండను."

"మరి నేనేమనాలండీ?"

"నాకు తెలీదు. అనడం మీ పని. పక్కకి జరగండి, సిలిండర్లు కోయాలి."

ఆ రోజూ మర్నాడూ ఆమె పనిలోంచి తల ఎత్తలేదు. నాలుగు పిస్టన్లనీ కింద, కొలవాల్సిన చోటే కొలిచింది. ఏ పిస్టన్ ఏ సిలిండరుకో నంబర్లు వేసింది. మిషను చివరిసారి తిరిగింది. పిస్టన్ల చుట్టూ వేసే రింగుల చివరల్ని చిన్న ఆకురాయితో అరగదీసి, వేడికి పెరిగినా ఒకదానినొకటి గుద్దుకోకుండా సందు ఇచ్చింది. మేస్త్రీ కుర్చీలో కూర్చుని చప్పుడు వింటూ కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడని అందరూ అనుకున్నారు. మిషను ఆగగానే, "నాలుగోది ఇంకొక్కసారి తుడువు తల్లీ," అన్నాడు.

పక్క గ్యారేజీ వాళ్ళు ఇంజన్ బిగించారు. ముప్పయ్యో తారీఖున లారీ వచ్చి మిషను పట్టుకుపోయింది. నేల మీద నాలుగు బోల్టు రంధ్రాలు మిగిలాయి. టైలరు అక్కడే నిలబడి వాటినే చూస్తున్నాడు. ఆ రంధ్రాలు చూస్తే అతనికి ఎందుకో ఏడుపొచ్చింది.

మైక్రాన్ వచ్చి కారు తాళాలు చేతిలో పెట్టింది.

"కొత్త పిస్టన్లు, కొత్త రింగులు. మొదటి వెయ్యి కిలోమీటర్లు పరుగెత్తించకూడదు. బరువెక్కించకూడదు. వెయ్యికి ఆయిలు మార్చాలి."

"అలాగేనండీ. పక్క గ్యారేజీలో..."

"నేనే మార్చాలి."

"మీరు అక్కడుంటారు కదా?"

ఆమె అతన్ని చూసింది. పిస్టన్‌ని చూసినంతసేపు చూసింది. "అక్కడికి రెండొందల ముప్పై. రానూ పోనూ ఎంతవుతుందో లెక్కపెట్టుకోండి. నా సామాను తక్కువే, ఒక పెట్టె. రేపు పొద్దున ఎన్నింటికి వస్తారు?"

టైలరు లెక్కపెట్టుకున్నాడు. అతను ఆ అంకెతో రాజీపడ్డది అప్పుడే.

మర్నాడు ముగ్గురు వెళ్ళారు. కొత్త ఇంజన్‌ని దారిలో వినడానికి తను తప్పనిసరి అని మేస్త్రీ వెనక సీట్లో కూర్చున్నాడు. మొదటి ఇరవై కిలోమీటర్లు విన్నాడు. తర్వాత గురకపెట్టాడు. ముందు సీట్లో ఇద్దరూ గేర్ల గురించి తప్ప ఇంకేమీ మాట్లాడుకోలేదు. దిగేటప్పుడు ఆమె నాన్నని పట్టుకుని ఏడ్చింది. టైలరు పెట్టె దించి, అటు తిరిగి, టైర్లని చాలా శ్రద్ధగా పరీక్షించాడు.

రెండో ఆదివారం ఒక్కడే వెళ్ళాడు. ఊళ్ళో బండి కదపలేదు కాబట్టి, తిరిగొచ్చేసరికి ట్రిప్పు మీటరు తొమ్మిదొందల ఇరవై చూపించింది.

ఆ వారంలోనే మేస్త్రీ, టైలరు దుకాణానికి వచ్చి చొక్కాకి కొలతలు ఇచ్చాడు. అక్కే తీసింది.

"ఏదైనా ఫంక్షనా మేస్త్రీ గారూ?"

"అవునమ్మా."

"ఎప్పుడండీ?"

"ఏమో. వాళ్ళింకా చెప్పలేదు."

అక్క టేపు మెడలో వేసుకుని, కాగితం మీద చేతుల పొడవు రాసుకుంది. "తొందరేం లేదులెండి. మావాడు పిస్టన్లకే పదకొండు రోజులు తీసుకున్నాడు. బట్ట మాత్రం మంచిది తీయండి."

మూడో ఆదివారం ఫ్యాక్టరీ హాస్టలు గేటు ముందు, చెట్టు నీడలో మైక్రాన్ ఆయిలు మార్చింది. మీటరు వెయ్యీ నూట యాభై. నూట యాభై ఆలస్యమని చివాట్లు పెట్టింది. పాత ఆయిలుని తెల్లగుడ్డ మీద పోసి వెలుగులో చూసింది. లోహపు పొడి ఏమీ లేదు. ఇంజన్ స్టార్ట్ చేయించి, బానెట్టు మీద చెవి పెట్టి విని, తల ఊపింది.

పని అయిపోయింది. ఇద్దరికీ భయం వేసింది.

"మళ్ళీ ఎప్పుడు మార్చాలండీ?" అన్నాడు టైలరు.

"ఆరు వేలకి."

"అంటే... నేను రోజుకి ఇరవై కూడా తిప్పను." మనసులో భాగించాడు. వచ్చిన జవాబు చాలా పెద్దది. "ఇంజెక్టర్లు మరోసారి చూడాలేమో?"

"అక్కర్లేదు."

"టర్బోలో ఏదో చిన్న చప్పుడు..."

"ఏ చప్పుడూ లేదు. బండి బాగుంది."

"బాగుందా?"

"చాలా బాగుంది." ఆమె చేతులు తుడుచుకుంది, ఒక్కో వేలూ విడివిడిగా. తర్వాత తల ఎత్తింది. "వచ్చే ఆదివారం రా."

టైలరు చుట్టూ చూశాడు, ఇంకెవరినైనా అంటోందేమోనని. "నేనా? దేనికి?"

"దేనికీ కాదు. నువ్వు రావడానికి."

"బండి తీసుకుని..."

"బండి మీ అక్కకి ఇచ్చేయి, పాపం మూటలు మోస్తోంది. బస్సులో రా."

టైలరు నోరు తెరిచాడు. చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. "బస్సు ఎన్నింటికుందో," అన్నాడు.

"ఆరుంబావుకి," అంది ఆమె వెంటనే. "మీ బస్టాండులో తొమ్మిదో నంబరు ప్లాట్‌ఫాం దగ్గర ఆగుతుంది. ఎడమవైపు సీటు తీసుకో. అటు ఎండ పడదు."